కుంతి ఎవరింట్లో ఉంది? విదురుడి ఇల్లు, టకోమా దగ్గర ఒక మిషనరీ జంట

ఈ వారం వీడియోలో సభాపర్వం చివరి ఘట్టం చెప్పుకున్నాం. రెండోసారి జూదంలో ఓడిపోయాక పాండవులు జింకచర్మాలు కప్పుకుని అడవికి బయలుదేరడం, ద్రౌపది జుట్టు విరబోసుకుని వెనక నడవడం, ధౌమ్యుడు దర్భలు చేత్తో పట్టుకుని సామం చదువుతూ వెళ్లడం. బాగానే చెప్పాననుకున్నా. ఎడిటింగ్ అయిపోయి అప్‌లోడ్ చేశాక గుర్తొచ్చింది, ఒక మనిషిని పూర్తిగా వదిలేశానని. కుంతి.

ఐదుగురు కొడుకులూ కోడలూ పదమూడేళ్లకి వెళ్లిపోయారు. మరి ఆ తల్లి ఎక్కడుంది? నేను ఒకరిద్దరు ఫ్రెండ్స్‌ని అడిగాను. ఒకడు "అడవికి వెళ్లింది కదా" అన్నాడు. ఇంకొకడు "గాంధారి దగ్గర అంతఃపురంలో" అన్నాడు. రెండూ కాదు. విదురుడు ధర్మరాజుతో చెప్తాడు: ఆవిడ రాజు కూతురు, సుకుమారంగా పెరిగింది, వయసైపోయింది, అడవికి రాలేదు, మా ఇంట్లో గౌరవంగా ఉంటుంది, నువ్వు బెంగ పెట్టుకోకు అని. ధర్మరాజు సరేనంటాడు. అంతే. రెండు మూడు మాటల్లో అయిపోయిన ఏర్పాటు అది. కానీ ఆ రెండు మాటలు పదమూడేళ్లు నడిచాయి.

విదురుడి ఇల్లు అనగానే మనకి అరటిపండు తొక్కల కథ గుర్తొస్తుంది. కృష్ణుడు రాయబారానికి వచ్చి, దుర్యోధనుడి విందు కాదని విదురుడింట్లో భోంచేశాడని చిన్నప్పటి నుంచి వింటాం. ఆ ఇంట్లో అప్పటికే ఒక పెద్దావిడ పదమూడేళ్లుగా ఉంటోందని మాత్రం ఎవరూ చెప్పరు. ఉద్యోగపర్వం తీసి చూడండి. హస్తినకి వచ్చిన కృష్ణుడు మేనత్త దగ్గరికి వెళ్తాడు. ఆవిడ ఏడుస్తుంది. ఒక్కొక్క కొడుకు పేరూ ఎత్తి, వాడెలా ఉన్నాడు, వీడెలా ఉన్నాడు అని అడుగుతుంది. కోడలి గురించి అడుగుతుంది. యుద్ధం గురించి మాట్లాడేది ఆ తర్వాతే.

ఈ పోస్టు ఆ ఇంటి గురించే. కానీ ఆ ఇల్లు నాకు అర్థమైంది భారతం చదివి కాదు. అమెరికాలో ఒక క్రైస్తవ మిషనరీ జంటని చూసి. ఆ మాట వినగానే కొంతమందికి చిర్రెత్తుతుందని తెలుసు. కాసేపు ఓపిక పట్టండి, దాని సంగతి కూడా మాట్లాడదాం.

కింది ఫ్లాట్ వాళ్లు

ఆన్‌సైట్ మీద రెండేళ్లు వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్నాను. ఆఫీసు టకోమా వైపు. అద్దె కాస్త తక్కువని డ్యూపాంట్ అనే చిన్న ఊళ్లో దిగాను. పక్కనే జాయింట్ బేస్ లూయిస్ మెకార్డ్. ఫోర్ట్ లూయిస్ అనే ఆర్మీ బేస్‌నీ, మెకార్డ్ అనే ఎయిర్‌ఫోర్స్ బేస్‌నీ 2010లో కలిపేశారు. మబ్బు లేని రోజు బాల్కనీలోంచి రైనియర్ కొండ కనిపిస్తుంది. మబ్బు లేని రోజులు తక్కువే అనుకోండి. పెద్ద పెద్ద సీ-17 విమానాలు మాత్రం ఎండైనా వానైనా నెత్తి మీదుగా పోతూనే ఉంటాయి.

మా అపార్ట్‌మెంట్లో సగానికి పైగా ఆర్మీ వాళ్లే. కింది ఫ్లాట్లో ఒక పెద్ద వయసు జంట. ఆయనకి అరవై ఏడు, ఆవిడకి అరవై ఐదు. ఐడహో నుంచి వచ్చారు. ఆయన ఒకప్పుడు ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్, ఆవిడ స్కూల్ టీచర్. ఇద్దరి చొక్కాల మీదా నల్ల నేమ్ బ్యాడ్జీ. మోర్మన్లు అని మనం పిలిచే చర్చి వాళ్లు, సాల్ట్ లేక్ సిటీ హెడ్‌క్వార్టర్స్‌గా ఉన్నదే. ఆ చర్చిలో తెల్ల చొక్కా, టై కట్టుకుని జంటగా తిరిగే కుర్రాళ్లని మీరు సినిమాల్లోనైనా చూసుంటారు. వాళ్లు కాకుండా రిటైరైన దంపతులు కూడా మిషన్‌కి వెళ్తారు. ఆరు నెలల నుంచి ఇరవై మూడు నెలల దాకా. ఖర్చు తమదే. జీతం లేదు. కొందరు ఆసుపత్రుల్లో, కొందరు ఆఫీసు పనుల్లో, కొందరు మా కింది ఫ్లాట్ వాళ్లలాగా సైనికుల కుటుంబాల దగ్గర.

ఆయన్ని వాళ్లవాళ్లు 'ఎల్డర్' అని ఇంటిపేరుతో పిలిచేవారు, ఆవిడని 'సిస్టర్' అని. నేను మనవాళ్ల పద్ధతిలో అంకుల్, ఆంటీ అన్నాను. వాళ్లకి అది తెగ నచ్చేసింది.

మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు అలవాటుగా ఫిల్టర్ కాఫీ కలిపి తెచ్చాను. ఆవిడ గ్లాసు వంకా నా వంకా చూసి నవ్వింది. వాళ్లు కాఫీ, టీ, మద్యం ముట్టరు. నేనేమో వాళ్లింట్లో మాంసం ముట్టను. ఆ రోజు ముగ్గురం మజ్జిగ తాగాం. మా స్నేహం అలా మొదలైంది.

మతం మార్చడానికేగా?

నేనూ అదే అనుకున్నాను. అది మతప్రచారం చేసే చర్చే, అందులో దాపరికమేం లేదు. నన్ను కూడా ఒకసారి అడిగారు, మా చర్చికి వస్తావా అని. చూడ్డానికి వస్తాను, చేరడానికి రాను అన్నాను. ఆయన తలూపాడు. తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బేస్ లోపల తలుపులు కొట్టి మతం గురించి మాట్లాడటానికి తమకి అనుమతి లేదని ఆయనే చెప్పాడు. వాళ్ల పనిలో ఎక్కువ భాగం అప్పటికే ఆ చర్చిలో ఉన్న సైనికులు, వాళ్ల భార్యాబిడ్డలు.

మార్పిడి గురించి నా అభిప్రాయం మారలేదు. మన ధర్మం మనకి చాలు. కానీ పొరుగువాడు బావి బాగా తవ్వుకుంటే ఎలా తవ్వాడో చూడటంలో తప్పేం ఉంది?

ఇంకో తేడా కూడా తెలియాలి. అమెరికా సైన్యంలో చాప్లెయిన్లు వేరే ఉంటారు. వాళ్లు ఆఫీసర్లు, యూనిఫాం ఉంటుంది, జీతం ప్రభుత్వమే ఇస్తుంది, ఏ మతం సైనికుడైనా వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. 2011లో కెప్టెన్ ప్రతిమా ధర్మ్ అమెరికన్ ఆర్మీకి తొలి హిందూ చాప్లెయిన్ అయ్యారు. మన ఇండియన్ ఆర్మీలో కూడా పండిట్, గ్రంథి, మౌల్వీ, పాద్రీ ఉంటారు, జేసీఓ హోదాలో. రెజిమెంట్ ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్తారు.

భారతం భాషలో చెప్పాలంటే వీళ్లు ధౌమ్యుడి లెక్క. పాండవుల వెంట అడవికి నడిచిన పురోహితుడు. కింది ఫ్లాట్ దంపతులు ధౌమ్యుడు కాదు. వాళ్లు యుద్ధానికి వెళ్లేవాడితో వెళ్లరు. వెళ్లినవాడి ఇంటికి వెళ్తారు.

ఒక వారం

మనకి డిప్లాయ్‌మెంట్ అంటే శుక్రవారం రాత్రి సర్వర్ మీదకి కోడ్ ఎక్కించి, సోమవారం దాకా ఏమీ కూలిపోకూడదని దండం పెట్టుకోవడం. ఆ ఊళ్లో డిప్లాయ్‌మెంట్ అంటే ఒక మనిషి తొమ్మిది నెలలు కనిపించడు. పోయినవాడి బట్టలు బీరువాలో ఉంటాయి, కారు పార్కింగ్‌లో ఉంటుంది, పిల్లలు ఫోన్లో అతన్ని చూస్తారు, అది కూడా అక్కడ పగలైతే ఇక్కడ అర్ధరాత్రి.

నేను ఒక వారం సెలవు పెట్టి, ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లోనే ఉన్నప్పుడు ఆయన "ఊరికే కూర్చోకపోతే మాతో రా, బరువులు మోయడానికి పనికొస్తావు" అన్నాడు. వెళ్లాను.

ఆదివారం వాళ్ల చర్చి. అక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి, వాళ్ల బిషప్‌కి జీతం లేదు. వారమంతా వేరే ఉద్యోగం చేసుకుంటాడు. ప్రసంగాలు కూడా మామూలు సభ్యులే చేస్తారు, ముందే అడిగి పెడతారు. ఆ రోజు మాట్లాడినమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి, చంకలో బిడ్డ. చేతులు వణుకుతున్నాయి. సైన్యంలో ఉన్న కుటుంబం రెండు మూడేళ్లకోసారి ఊరు మారుతుంది కదా. మారినప్పుడు వాళ్ల సభ్యత్వం రికార్డు కొత్త ఊరి సంఘానికి వెళ్తుందట. అంటే వీళ్లు చేరకముందే అక్కడెవరికో వీళ్లొస్తున్నారని తెలుస్తుంది. ఒక ఇంజనీర్‌గా నాకు ఆ చిన్న ఏర్పాటు భజనలకంటే ఎక్కువ నచ్చింది.

అది నెలలో మొదటి ఆదివారం. వాళ్లకి ఉపవాసం. రెండు పూటలు తినరు, ఆ భోజనానికయ్యే డబ్బు లేనివాళ్ల కోసం ఇస్తారు. మన ఏకాదశి నాడు మనం తినని డబ్బు ఎక్కడికెళ్తోందని ఆలోచించాను. నా విషయంలో అయితే సగ్గుబియ్యం, పల్లీలు, పళ్లకి వెళ్తోంది, మామూలు రోజుకంటే ఎక్కువే అవుతోంది.

సోమవారం సాయంత్రం వాళ్ల కుటుంబాలు ఇంట్లోనే కలిసి కూర్చుంటాయి, ప్రార్థన, ఆట, ఏదో ఒక తీపి. తండ్రి లేని ఇంట్లో ఆ సాయంత్రం మరీ బోసిగా ఉంటుందని వీళ్లు ఏదో ఒక ఇంటికి వెళ్తారు. ఆ రోజు వెళ్లిన ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆయన తాతలా నేల మీద కూర్చుని బొమ్మ రైలు బాగుచేశాడు. మతం గురించి అయిదు నిమిషాలు కూడా మాట్లాడలేదు. రైలు గురించి గంటసేపు మాట్లాడాడు.

మంగళవారం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

ఆయన దగ్గర ఒక గీతల నోట్‌బుక్ ఉంది. మన కిరాణా కొట్లో అరువు పుస్తకంలా అంచులు నలిగిపోయింది. ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ. ఎవరు వెళ్లారు, ఏ నెలలో వెళ్లారు, ఎప్పుడు రావచ్చు, పిల్లల పుట్టినరోజులు, కారు ఏ కంపెనీది, ఆవిడకి అమ్మ ఉందా లేదా, ఏం అడిగితే కోపం వస్తుంది. నేను ఉత్సాహంగా "అంకుల్, దీనికి చిన్న యాప్ చేసిస్తాను, రిమైండర్లు వస్తాయి" అన్నాను. వద్దన్నాడు. చేత్తో రాస్తే తనకి గుర్తుంటుందట. పైగా ఇవి వేరేవాళ్ల ఇళ్ల సంగతులు, ఎక్కడో సర్వర్లో ఉండటం తనకిష్టం లేదన్నాడు. రెండో మాటకి నా దగ్గర జవాబు లేదు.

పేజీల్లో కొన్ని తేదీల చుట్టూ గుండ్రంగా గీసి ఉంది. ఏంటని అడిగితే, మూడో నెల అన్నాడు. భర్త వెళ్లిన మొదటి వారం అందరూ వస్తారు. వంటలు తెస్తారు, ఫోన్లు చేస్తారు, ఫ్రిజ్ నిండిపోతుంది. రెండో నెలకి సగమవుతారు. మూడో నెలకి ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. సరిగ్గా అప్పుడే కారు బ్యాటరీ పోతుంది, పిల్లాడికి జ్వరం వస్తుంది, ఆవిడకి రాత్రిళ్లు నిద్ర పట్టదు. "నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నప్పుడు మా ఆవిడకి మూడో నెల ఎలా గడిచిందో నాకు ముప్పై ఏళ్ల తర్వాత చెప్పింది" అన్నాడు. ఆవిడ కారులో పక్క సీట్లోనే ఉంది. కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఏమీ అనలేదు.

అదే నోట్‌బుక్‌లో ఒక పేజీలో పెద్దక్షరాలతో ఒక్క ముక్క రాసి ఉంది: అడిగి వెళ్లాలి. ఒక ఇంటికి వీళ్లు చెప్పకుండా మూడుసార్లు వెళ్లారట. మూడోసారి ఆ అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి, నన్ను కాస్త నా మానాన వదిలేస్తారా అని అరిచేసింది. ఆయన క్షమాపణ చెప్పి వచ్చేశాడు. తర్వాత ఆ ఇంటికి వెళ్లలేదు. ఆవిడ మాత్రం నెలకో ఉత్తరం రాస్తుంది, జవాబు రాకపోయినా. సేవ చేస్తున్నామనే ఊపులో ఎదుటివాళ్ల గుమ్మం కూడా మనదే అనుకుంటాం. ఆ జబ్బు వాళ్లకే కాదు, మనకీ ఉంది.

ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. సైనికుడు తిరిగొచ్చాక వీళ్లు కొన్నాళ్లు ఆ ఇంటివైపు వెళ్లరు. తొమ్మిది నెలలు ఒక్కతే నడిపిన ఇంట్లోకి అతను మళ్లీ వచ్చి, గిన్నెలు ఇక్కడెందుకు పెట్టావు, పిల్లాడికి ఇంతసేపు టీవీ ఏంటి అంటాడు. గొడవలు అవుతాయి. ఆ గొడవలకి బయటివాళ్లు సాక్షులుగా ఉండకూడదు అన్నది ఆవిడ సిద్ధాంతం. పద్నాలుగేళ్ల తర్వాత లక్ష్మణుడు తిరిగొచ్చినప్పుడు ఊర్మిళ ఎలా ఉండి ఉంటుందో మన తెలుగు ఆడవాళ్లు ఆలోచించారు కాబట్టే 'ఊర్మిళాదేవి నిద్ర' పాట పుట్టింది. ఇంటికొచ్చిన మనిషిని కూడా కొత్తగా పరిచయం చేసుకోవాల్సి వస్తుందని ఆ పాట కట్టినవాళ్లకి తెలుసు.

బుధవారం వాన, వాళ్లకి ఏవో మీటింగులు. నేను వెళ్లలేదు.

గురువారం పెళ్లికాని కుర్రాళ్ల రోజు. బ్యారక్స్‌లో ఉండే పంతొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలు. సాయంత్రం గ్రంథ పాఠం ఉంటుంది, తర్వాత భోజనం. పాఠానికి అయిదుగురు వచ్చారు, భోజనానికి పదకొండు మంది. ఆయన నా వైపు చూసి కన్ను కొట్టాడు. ఆవిడ బంగాళదుంపలు, చీజ్ వేసి ఓవెన్లో పెట్టే వంటకం పెద్ద ట్రే నిండా చేసింది, నా కోసం ఒక మూల మాంసం తగలకుండా. ఒక కుర్రాడు తిన్నాక వెళ్లకుండా గిన్నెలు తుడుస్తూ వంటింట్లోనే నిలబడిపోయాడు. వాళ్లమ్మ ఫోన్ ఎత్తట్లేదట నాలుగు రోజులుగా. ఆవిడ ఏమీ సలహా ఇవ్వలేదు. ఇంకో గుడ్డ ఇచ్చి, ఇదిగో ఈ గ్లాసులు కూడా అంది. ఆ రాత్రి పదకొండింటి దాకా ఇద్దరూ తుడిచినవే తుడిచారు.

శనివారం ఒక కుటుంబం ఇల్లు మారుతోంది, నన్ను నిజంగానే బరువులు మోయడానికి తీసుకెళ్లారు. ఆర్మీలో బదిలీ ఆర్డర్ వచ్చాక టైమ్ ఎక్కువ ఉండదు. వాన్ దగ్గర ఎనిమిది మంది మగవాళ్లు, అందరూ ఆ చర్చివాళ్లే, ఒకరిద్దరికి ఆ కుటుంబం పేరు కూడా సరిగ్గా తెలీదు. మూడు గంటల్లో ఇల్లు ఖాళీ. నాకు నడుం పట్టేసింది, రెండు రోజులు.

1846లో

వాళ్లకి ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందని తర్వాత చదివాను. 1846లో అమెరికా, మెక్సికో మధ్య యుద్ధం మొదలైంది. అప్పటికి ఈ చర్చివాళ్లు ఇల్లినాయ్ నుంచి తరిమివేయబడి, బండ్లు కట్టుకుని పడమటికి పోతూ అయోవాలో దారి మధ్యలో ఉన్నారు. ఆ సమయంలో సుమారు 500 మంది మగవాళ్లు మోర్మన్ బెటాలియన్ పేరుతో సైన్యంలో చేరి, కాలిఫోర్నియాలోని శాండియాగో దాకా నడిచారు. దాదాపు రెండు వేల మైళ్లు. వెనక మిగిలినవాళ్లు ఆడవాళ్లు, పిల్లలు, ఎద్దుబండ్లు, ముందు చలికాలం. అప్పుడు ఆ సంఘం చేసిన పని, బెటాలియన్‌లో వెళ్లినవాళ్ల కుటుంబాల బాధ్యత కొందరు బిషప్‌లకి అప్పగించడం. ఎవరికి తిండి ఉంది, ఎవరి బండికి ఎద్దులు లేవు అని చూడటం వాళ్ల పని. అంతా సవ్యంగా జరిగిందని కాదు. ఆ చలికాలం చాలామంది జబ్బులతో పోయారు. కానీ ఈ ఇల్లు నీ లెక్కలో ఉంది అని ఒక మనిషికి అప్పజెప్పడం అక్కడ కనిపిస్తుంది.

మళ్లీ భారతంలోకి వద్దాం. అరణ్యపర్వం మొదట్లో ఇలాంటి అప్పగింతలు వరసగా ఉంటాయి, మనం చూడకుండా దాటేస్తాం. సుభద్రనీ అభిమన్యుణ్నీ కృష్ణుడు ద్వారకకి తీసుకెళ్తాడు. ద్రౌపది కొడుకుల్ని ధృష్టద్యుమ్నుడు పాంచాలానికి తీసుకెళ్తాడు. అంతకు ముందే కుంతిని విదురుడు. ధౌమ్యుడు అడవికి వెళ్లేవాళ్లతో. బయలుదేరేముందు కుంతి ద్రౌపదిని దగ్గరికి తీసుకుని, సహదేవుణ్ని జాగ్రత్తగా చూసుకో అని మరీ మరీ చెప్తుంది. ఒక్క మనిషి కూడా లెక్క తప్పలేదు. వనవాసం అంటే అడవిలో జరిగిందే అనుకుంటాం. సగం వనవాసం ఇళ్లల్లో జరిగింది.

ఆ తర్వాత ధృతరాష్ట్రుడికి విదురుడి మీద కోపం వచ్చి, నీకిష్టమైన చోటికి పో అంటాడు. విదురుడు కామ్యకవనానికి పాండవుల దగ్గరికి వెళ్లిపోతాడు. కొద్దికాలానికే అన్న పశ్చాత్తాపపడి సంజయుణ్ని పంపితే వెనక్కి వచ్చేస్తాడు. అంత అవమానం తర్వాత ఎందుకు వచ్చాడు? అన్న మీద ప్రేమ అని భారతం చెప్తుంది. ఇంట్లో కుంతి ఉందన్న సంగతి కూడా ఒక కారణమేమో అని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ, గ్రంథంలో లేదు. ప్రవచనకారులెవరైనా తప్పంటే సరిదిద్దుకుంటాను.

ఇంకో మాట వానప్రస్థం గురించి. జుట్టు నెరిసి, మనవడు పుట్టాక గృహస్థు భార్యని వెంటబెట్టుకునో, కొడుకులకి అప్పగించో అడవికి వెళ్లాలని మనుస్మృతి అంటుంది. అడవులు లేవు కాబట్టి ఆ ఆశ్రమం ఇప్పుడు పోయిందనుకుంటాం. మన అమ్మానాన్నలు రిటైరయ్యాక ఏం చేస్తున్నారు? మా అమ్మానాన్నల సంగతే చెప్తాను. కాశీ, రామేశ్వరం అయ్యాయి, నా దగ్గరికి అమెరికా ఒకసారి అయ్యింది, మిగతా టైమంతా సీరియల్, వాట్సాప్. వాళ్లని తప్పుపట్టడం లేదు. వాళ్లకి నలభై ఏళ్ల అనుభవం ఉంది, ఎవరూ అడగలేదు. కింది ఫ్లాట్ ఆయన్ని ఒకరు అడిగారు, ఒక ఊరి పేరు చెప్పారు, ఎన్ని నెలలో చెప్పారు.

మన గుళ్లలో ఎందుకు లేదు?

ఇక్కడ తొందరపడి మనల్ని మనం తిట్టుకోవద్దు. గుడి సభ్యత్వం మీద నడిచేది కాదు. ఎవరైనా రావచ్చు, ఎవరూ హాజరు వేయరు, అందులో ఒక గొప్ప స్వేచ్ఛ ఉంది. నేను ఏడాది రాకపోయినా స్వామి ఏమీ అనడు. కానీ దాని రెండో వైపు, నేను ఏడాది రాకపోతే ఎవరికీ తెలీదు కూడా. పూజారిగారికి నా గోత్రం తెలుసు, నా ఫ్లాట్ నంబరు తెలీదు.

ఆ పని మనకి ఊళ్లో వాడ చేసేది. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అనే ఊరుంది, తరతరాలుగా ఇంటింటి నుంచి సైన్యానికి వెళ్తారని ఆ పేరు. అలాంటి ఊళ్లో మగవాడు లేని ఇంటికి ఎవరు వెళ్లాలో నోట్‌బుక్ అక్కర్లేదు. పక్కింటి పిన్ని, ఎదురింటి బాబాయి ఉంటారు. సిటీకి వచ్చాం, వాడ పోయింది. సైన్యం తన వంతు చేస్తుంది. ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్ పేరుతో 1966లో మొదలైన సంస్థ ఉంది, జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి. కానీ ఆఫీసు పింఛను కాగితం చూడగలదు, మూడో నెల రాత్రి ఫోన్ చేయలేదు. అది మనలాంటి వాళ్లు చేయాల్సింది.

మనలాంటి వాళ్లు అన్నాను కాబట్టి నా సంగతి చెప్పాలి.

మా బావ ఆర్మీలో హవల్దార్. ఫీల్డ్ పోస్టింగ్, అరుణాచల్. కుటుంబాన్ని తీసుకెళ్లడానికి లేదు. అక్క ఇద్దరు పిల్లలతో సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఉంటోంది. నేను అమెరికా వెళ్లకముందు ఒకటిన్నర ఏడాది కొండాపూర్‌లో ఉన్నాను. ముప్పై కిలోమీటర్లు లేదు. ఆ ఒకటిన్నర ఏడాదిలో మూడుసార్లు వెళ్లాను. అందులో ఒకటి రాఖీ.

అదే ఏడాది ఈ ఛానల్లో సైనికుల క్షేమం కోసం హనుమాన్ చాలీసా పారాయణం వీడియో పెట్టాం. మన ఛానల్లో అప్పటిదాకా వచ్చిన వ్యూస్‌లో అదే ఎక్కువ. థంబ్‌నెయిల్‌లో ఉన్న యూనిఫాం ఫోటో బావదే, వెనక నుంచి తీసింది. అక్క దాన్ని చూసి ఒక దండం బొమ్మ పంపింది. ఆ నెలలోనే మేనకోడలికి డెంగ్యూ వచ్చిందని, ప్లేట్‌లెట్స్ పడిపోతే రెండు రాత్రులు ఆసుపత్రిలో ఒక్కతే ఉందని, చిన్నవాణ్ని పక్కింట్లో పడుకోబెట్టిందని నాకు అమెరికా వెళ్లాక, అది కూడా అమ్మ చెప్తే తెలిసింది. నన్నెందుకు పిలవలేదు అని ఫోన్లో అడిగాను. "నువ్వు షూటింగ్‌లో ఉన్నావు కదరా" అంది. వెటకారం కాదు. నిజంగానే అనుకుంది.

ఆ మంగళవారం కారు వెనక సీట్లో కూర్చుని ఆయన మూడో నెల గురించి చెప్తుంటే నాకు వచ్చిన లెక్క ఇదే. డెంగ్యూ వచ్చింది బావ వెళ్లిన మూడో నెలలో.

ఈ వారం చదువుకోవాల్సింది సభాపర్వం చివరి భాగం, అరణ్యపర్వంలో కృష్ణుడు పాండవుల్ని చూడటానికి వచ్చే ఘట్టం, ఉద్యోగపర్వంలో కృష్ణుడు కుంతిని కలిసే ఘట్టం. నన్నయ, తిక్కనల తెలుగులో చదవగలిగితే ఇంకా మంచిది, లేకపోతే వచనంలో చదవండి. చదివేటప్పుడు ప్రతిచోటా ఒకటే చూడండి, వెళ్లినవాళ్ల వెనక ఎవరు మిగిలారు, వాళ్లు ఎవరింట్లో ఉన్నారు. సైనికుల కుటుంబాలే అక్కర్లేదు. గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల ఇళ్లున్నాయి, కొడుకులందరూ విదేశాల్లో ఉన్న ముసలివాళ్లున్నారు. మీ అపార్ట్‌మెంట్లోనే ఉంటారు. వెళ్లేముందు ఫోన్ చేసి అడగండి. కెమెరా ఇంట్లో పెట్టి వెళ్లండి.

నేను తిరిగొచ్చిన మొదటి శనివారం అక్కకి ముందే ఫోన్ చేసి తిరుమలగిరి వెళ్లాను. తలుపు తీసి, భుజానికున్న బ్యాగు వంక చూసి "ఏంట్రా, వీడియో తీస్తావా?" అంది. లేదే, స్క్రూడ్రైవర్లున్నాయి అన్నాను. నవ్వింది కానీ నమ్మలేదు. చిన్నోడి సైకిల్ చైన్ ఊడి రెండు నెలలైందట. గీజర్ ఒక్కోసారి షాక్ కొడుతోందట. సైకిల్ అయ్యింది. గీజర్ జోలికి వెళ్లొద్దని ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను, ఇంజనీర్‌ని అయినా సరే. కాఫీ తాగుతూ బ్యాగులోంచి కొత్త నోట్‌బుక్ తీసి, బావ మళ్లీ ఎప్పుడొస్తాడు, పిల్లల స్కూల్ మీటింగ్ ఏ రోజు అని అడిగి రాసుకుంటుంటే అక్క కాసేపు చూసింది.

"పై ఫ్లోర్‌లో ఒకావిడ ఉంది. నిజామాబాద్ అమ్మాయి. వాళ్లాయన పోయిన నెలే లేహ్ వెళ్లాడు. ఆవిడకి ఇక్కడ ఎవరూ లేరు. ఆవిడది కూడా రాసుకుంటావా?"

ముందు ఆవిడని అడుగు అన్నాను. అక్క అప్పుడే మెట్లెక్కి పైకి వెళ్లింది. నేను రెండో పేజీ తిప్పి కూర్చున్నాను.